బోర్డు మీద మిక్స్, సిస్టమ్‌లో మిక్స్: చెవికి తెలిసే తేడా ఎక్కడి నుంచి వస్తోంది?

విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక మేడ మీది గది. గోడలకు ఫోమ్, కిటికీకి పాత పరుపు అడ్డం. తప్పెటగుళ్ల బృందం పాటను అక్కడే రికార్డు చేసి, మిక్స్ (ట్రాకులన్నీ కలిపే పని) కూడా సిస్టమ్‌లోనే, అంటే కంప్యూటర్‌లోనే, ముగించాడు ఆ గది నడిపే కుర్రాడు. విన్న మాస్టారు పెదవి విరిచారు. ముప్పై ఏళ్లుగా పందిళ్లలో, ఆడిటోరియాల్లో సౌండ్ బోర్డు (సౌండ్లు కలిపే మిక్సర్) దగ్గర కూర్చున్న మనిషి ఆయన. "అంతా బాగానే ఉందిరా, కానీ పల్చగా ఉంది. బోర్డు మీంచి తీస్తే ఆ నిండుతనమే వేరు" అన్నారు. "ఏటి మాస్టారూ, ఎక్కడైనా కలపడమే కదా" అన్నాడు వాడు.

మూలన సెకండ్‌హ్యాండ్ అనలాగ్ బోర్డు ఉండనే ఉంది. సౌండ్ కార్డుకు ఎనిమిది అవుట్‌పుట్లు. తప్పెట దరువుకు రెండు, గజ్జెలకు రెండు, బృందగానానికి రెండు, ప్రధాన గొంతుకు ఒకటి, తర్వాత చేర్చిన బేస్ గిటార్‌కు ఒకటి. ఎనిమిదీ బోర్డులోకి పంపి, అక్కడ కలిసిన సౌండ్‌ను మళ్లీ సిస్టమ్‌లోకి రికార్డు చేశారు. రెండూ ఒకదాని తర్వాత ఒకటి పెడితే గదిలో ఉన్న నలుగురమూ బోర్డుదే బాగుందన్నాం. తర్వాత మీటర్ చూస్తే బోర్డు నుంచి వచ్చినది దాదాపు 1 డెసిబెల్ ఎక్కువ సౌండ్‌తో ఉంది. రెండింటినీ సమానం చేసి మళ్లీ వింటే నలుగురం రెండు పార్టీలైపోయాం.

ఈ గొడవ ఆ ఒక్క గదిది కాదు. హోమ్ స్టూడియో పెట్టుకున్న ప్రతివాడి చెవిలోనూ ఎవరో ఒకరు "బోర్డు సౌండే సౌండు" అని ఊదుతూ ఉంటారు. ఇంకొకరు "అదంతా భ్రమ, కంప్యూటర్‌లో కూడిక తప్పదు" అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. చిక్కల్లా, ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు.

మిక్సింగ్ అంటే ముందు కూడిక

సిస్టమ్‌లో సౌండ్ అంటే అంకెల వరుస. 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తే సెకనుకు 48,000 అంకెలు. ఫలానా క్షణంలో గొంతు ట్రాక్ విలువ 0.30, తప్పెట మైనస్ 0.12, బేస్ 0.24 అనుకుందాం. గొంతును అలాగే ఉంచి, తప్పెట, బేస్ ఫేడర్లను (లెవెల్ పెంచి దించే మీటలను) 6 డెసిబెల్ దించితే వాటి విలువలు సుమారు సగమవుతాయి: మైనస్ 0.06, 0.12. మూడింటినీ కలిపితే 0.36. అదే ఆ క్షణానికి మిక్స్. ఇంకో క్షణానికి ఇంకో కూడిక. ప్లగిన్లు (సౌండ్‌ను మార్చే చిన్న సాఫ్ట్‌వేర్లు) వేరే కథ, కానీ ట్రాకులు కలపడం మాత్రం ఇంతే. ఈ కూడికను ఏ సాఫ్ట్‌వేర్ చేసినా జవాబు ఒకటే. చిల్లర లెక్క పూర్ణా మార్కెట్‌లో వేసినా గాజువాకలో వేసినా మారదు కదా!

మారదనడానికి పరీక్ష ఉంది. రెండు సాఫ్ట్‌వేర్లలో ఒకే ట్రాకుల్ని ఒకే లెవెల్‌లో, ఏ ప్లగినూ లేకుండా మిక్స్ చేసి, ఒకదాని ఫేజ్ తిప్పి రెండోదానితో కలిపితే ఒకటి ప్లస్, ఒకటి మైనస్ అయి కొట్టేసుకుంటాయి. మిగిలేది నిశ్శబ్దం. దీన్నే నల్ టెస్ట్ అంటారు.

అలా అయితే ఫలానా సాఫ్ట్‌వేర్ సౌండ్ బాగుంటుందని కొందరు ఎందుకంటారు? చాలాసార్లు కారణం ప్యాన్ లా, అంటే ట్రాకును ఎడమ కుడిల మధ్య జరిపేటప్పుడు లెవెల్ ఎంత మారాలనే నియమం. మోనో ట్రాకును మధ్యలో పెట్టినప్పుడు అది రెండు స్పీకర్ల నుంచీ వస్తుంది కాబట్టి పెద్దగా వినిపిస్తుంది. దాన్ని సరిచేయడానికి కొన్ని సాఫ్ట్‌వేర్లు మధ్యలో 3 డెసిబెల్ తగ్గిస్తాయి, కొన్ని 4.5, కొన్ని 6, కొన్ని అసలు తగ్గించవు. ఒకే ప్రాజెక్టును ఒకదాని నుంచి ఇంకోదానికి మారిస్తే మధ్యలో ఉన్న గొంతు, బేస్ లేచినట్టో దిగినట్టో అనిపించేది ఇందుకే. సెట్టింగ్ సమానం చేస్తే ఆ తేడా పోతుంది.

బోర్డులో అదే కూడిక కరెంటుతో జరుగుతుంది

అనలాగ్ బోర్డులో అంకెలుండవు, వోల్టేజి ఉంటుంది. ప్రతి చానల్ నుంచి వచ్చే సిగ్నల్ ఒక రెసిస్టర్ గుండా ఒకే తీగ మీదికి చేరుతుంది. ఆ తీగను బస్ అంటారు. అన్ని చానళ్ల కరెంట్లూ అక్కడ కలుస్తాయి, చివర ఉన్న సమ్మింగ్ యాంప్లిఫయర్ ఆ మొత్తాన్ని మళ్లీ వోల్టేజిగా మారుస్తుంది. సూత్రం చూస్తే ఇదీ కూడికే. కానీ ఈ కూడిక చేసేవి వస్తువులు: రెసిస్టర్లు, కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు, ఐసీలు, కొన్ని ఖరీదైన బోర్డుల్లో ట్రాన్స్‌ఫార్మర్లు. వస్తువన్నాక తన వాసన కొంత అంటిస్తుంది.

మొదటిది హిస్. ప్రతి చానల్ తన వంతు సన్నని నాయిస్ చేరుస్తుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాయిస్‌లు కలిసినప్పుడు చానళ్ల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ 3 డెసిబెల్ పెరుగుతుంది. ఒక్కో చానల్‌లో నాయిస్ మైనస్ 90 డెసిబెల్ దగ్గర ఉంటే, 32 చానళ్లు తెరిచేసరికి ఐదుసార్లు రెట్టింపు, అంటే 15 డెసిబెల్ పెరిగి మైనస్ 75కు వస్తుంది. దరువు నడుస్తుంటే వినపడదు. పాట ఆగిపోయే చోట పలచని వాన చప్పుడులా పైకి తేలుతుంది.

రెండోది క్రాస్‌టాక్. పక్కపక్క చానళ్ల మధ్య, ఎడమ కుడి బస్‌ల మధ్య సిగ్నల్ కొద్దిగా కారుతుంది. ఎడమకు పూర్తిగా నెట్టిన గజ్జెల మోత కుడివైపు కూడా లీలగా ఉంటుంది. లెక్కప్రకారం ఇది లోపం. అన్నీ ఒకే చోట ఒకే గాలిలో వాయించినట్టు అనిపించడానికి ఇదీ ఒక కారణమని బోర్డు అభిమానుల వాదన. కారే మోతాదు మంచి బోర్డుల్లో చాలా తక్కువ కాబట్టి, దీనికి ఇచ్చే గొప్ప కాస్త ఎక్కువేనని నాకనిపిస్తుంది.

అసలు సరుకు మూడోది.

వెచ్చదనం, నిండుతనం: తంబురాతో పోల్చి చూస్తే

సిగ్నల్ పెరిగే కొద్దీ బోర్డులోని భాగాలు దాన్ని ఉన్నదున్నట్టు మోయలేవు. అల శిఖరాన్ని కాస్త నొక్కుతాయి. నొక్కినప్పుడల్లా అసలు స్వరానికి రెట్టింపు, మూడింతల పౌనఃపున్యాల్లో కొత్త స్వరాలు పుడతాయి. వీటిని హార్మోనిక్స్ అంటారు. శుద్ధమైన 200 హెర్ట్జ్ స్వరం పంపితే 400, 600, 800, 1,000 హెర్ట్జ్‌లు కొద్దికొద్దిగా చేరతాయి.

సంగీతం తెలిసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 200 షడ్జమం అనుకుంటే 400 పై స్థాయి షడ్జమం. 600 ఆ స్థాయి పంచమం. 800 మళ్లీ షడ్జమం. 1,000 దానిపై అంతర గాంధారం. తంబురా శ్రుతి బాగా కుదిరినప్పుడు, ఎవరూ మీటని గాంధారం గాలిలో వినిపిస్తుందే, అదే కుటుంబం. తంబురాలో తీగ కింద బ్రిడ్జి మీద దారప్పోగు జరిపి ఆ మోతను రప్పిస్తారు. సిగ్నల్‌ను కొంచెం వంకర చేసి నిండుతనం రాబట్టడం మన చెవికి కొత్తేమీ కాదు.

అంటే "వెచ్చదనం" అని మనం మెచ్చుకునేది ఇంజనీరింగ్ భాషలో డిస్టార్షనే. ఆ మాట వినగానే పండగ మైకులో పగిలిన గొంతు గుర్తొస్తుంది గానీ, మోతాదే తేడా. 1 శాతం డిస్టార్షన్ అంటే కొత్తగా చేరినది అసలు కన్నా 40 డెసిబెల్ కింద ఉన్నట్టు. 0.01 శాతమైతే 80 డెసిబెల్ కింద. నేటి సాధారణ ఐసీ బోర్డులు మామూలు లెవెల్‌లో ఈ రెండో అంకె చుట్టూనే తిరుగుతాయి. అక్కడ వెచ్చదనం వినపడిందంటే అది చాలావరకు మన మనసు వేసిన వేడి.

చిన్న స్పీకర్ల దగ్గర ఈ హార్మోనిక్స్ చేసే పని మరీ ముచ్చటైంది. బేస్ గిటార్ 80 హెర్ట్జ్ స్వరం వాయించిందనుకోండి. ఫోన్ స్పీకర్ అంత కింది స్వరాన్ని పలకలేదు. కానీ ఆ సిగ్నల్ కాస్త నలిగి 160, 240, 320, 400లు చేరి ఉంటే, పై వాటిని ఫోన్ పలుకుతుంది. 80 చొప్పున ఎడం ఉన్న ఆ వరుసను విని, లేని 80ని మెదడే ఊహించుకుంటుంది. ఆర్కే బీచ్‌లో ఫోన్ పెట్టుకుని పాట వినేవాడికి బేస్ "ఉన్నట్టు" అనిపిస్తుంది. బోర్డు మిక్స్ అన్నిచోట్లా బాగా వినిపిస్తుందనే మాటకు ఇక్కడ గట్టి ఆధారం ఉంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక్కో ట్రాకును విడిగా నలపడం వేరు, అన్నీ కలిశాక నలపడం వేరు. 200, 300 హెర్ట్జ్ స్వరాలు కలిసి ఒకే యాంప్లిఫయర్‌లో నలిగితే వాటి హార్మోనిక్స్‌తో పాటు వాటి తేడా 100, మొత్తం 500 కూడా పుడతాయి. దీన్ని ఇంటర్‌మాడ్యులేషన్ అంటారు. బస్ దగ్గర జరిగే ఈ పరస్పర నలుగుడునే కొందరు ట్రాకులన్నీ "అతుక్కున్నట్టు" ఉండటం అంటారు. ఎక్కువైతే అదే బురదవుతుంది.

పాతవాళ్ల ఫిర్యాదు ఒకప్పుడు నిజం

కంప్యూటర్ మిక్స్ పల్చగా, గరుకుగా ఉంటుందనే పేరు ఊరికే రాలేదు. స్టూడియోల్లో వాడే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ప్రో టూల్స్ 1991లో వచ్చింది. ఆ తొలి రోజుల్లో రికార్డింగ్ 16 బిట్లు, అంటే అతి సన్నని, అతి పెద్ద సౌండ్ల మధ్య సుమారు 96 డెసిబెల్ వెడల్పు. తర్వాత 24 బిట్లకు, సిద్ధాంతంలో 144 డెసిబెల్‌కు పెరిగినా, స్టూడియోల్లో వాడిన పెద్ద వ్యవస్థలు ఫిక్స్‌డ్ పాయింట్ లెక్కతో నడిచేవి. ఆ లెక్కలో సంఖ్యకు పైన గట్టి కప్పు ఉంటుంది. ఒక ప్లగిన్ నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు లెవెల్ కప్పును తాకితే అల తల కత్తితో కోసినట్టు తెగిపోతుంది. బోర్డు నొక్కుతుంది, ఇది నరుకుతుంది. బోర్డు మీద ఎర్ర లైటు వెలిగేదాకా తోలడం అలవాటైన చేతులు సిస్టమ్‌లోనూ అలాగే తోలాయి. సౌండ్ గరుకెక్కింది.

ఇప్పుడు లెక్క మారింది. చాలా సాఫ్ట్‌వేర్లు ముందే 32 బిట్ ఫ్లోటింగ్ పాయింట్‌లో ఉన్నాయి, 2011లో వచ్చిన హెచ్‌డీఎక్స్ హార్డ్‌వేర్‌తో ప్రో టూల్స్ పెద్ద వ్యవస్థ కూడా అటే వచ్చింది. ఫ్లోటింగ్ అంటే దశాంశ బిందువును అవసరాన్ని బట్టి జరుపుకుంటూ సంఖ్యను రాయడం. 32 బిట్లలో గుర్తుకు ఒకటి, స్కేలు చెప్పడానికి 8, అసలు అంకెలకు 23. ఒక చానల్ సున్నా (పాత కప్పు ఉండే చోటు) దాటి 10 డెసిబెల్ పైకి పోయినా, మాస్టర్ ఫేడర్ 10 దించితే అల చెక్కుచెదరకుండా కిందికి వస్తుంది. సౌండ్ కార్డులోకి వెళ్లేటప్పుడు, మామూలు 24 బిట్ ఫైలు తీసేటప్పుడు మాత్రం కప్పు కప్పే.

పూర్తిగా పోని ఫిర్యాదు ఒకటుంది. బోర్డు నలుగుడును అనుకరించే ప్లగిన్లు కూడా హార్మోనిక్స్ పుట్టిస్తాయి. 48 కిలోహెర్ట్జ్ ప్రాజెక్టులో దాని సగం, అంటే 24 కిలోహెర్ట్జ్, దాటిన స్వరానికి చోటు లేదు. గజ్జెల మోతలో 10 కిలోహెర్ట్జ్ అంశం ఉందనుకుంటే, దాని మూడింతలు 30. అది పైకి పోలేక గోడకు కొట్టుకుని 48లోంచి 30 పోగా మిగిలిన 18 దగ్గర తేలుతుంది. 18కీ 10కీ సంగీతపరంగా చుట్టరికం లేదు. దీన్ని ఏలియాసింగ్ అంటారు. మంచి ప్లగిన్లు లోపల ఎక్కువ రేటులో లెక్క చేసి దీన్ని బాగా తగ్గిస్తాయి. అనలాగ్ బోర్డులో ఈ గోడే లేదు, 30 కిలోహెర్ట్జ్ 30 దగ్గరే ఉంటుంది, మన చెవికి అందకుండా పోతుంది.

సముద్రపు గాలిలో బోర్డు

పోలిక చేసేటప్పుడు "అనలాగ్ బోర్డు" అని ఒక ఆదర్శమైన యంత్రాన్ని ఊహించుకుంటాం. విశాఖలో ఉన్న బోర్డు వేరు. ఇక్కడి గాలిలో తేమ, ఉప్పు. ఫేడర్లు గరగరమంటాయి, నాబ్ తిప్పితే పటపటమంటుంది. బీచ్ రోడ్డుకు దగ్గరలోని ఒక స్టూడియోలో మేము మిక్స్ చేస్తుండగా గొంతు చానల్ మెల్లగా సన్నబడింది. మైకు మార్చాం, కేబుల్ మార్చాం, గాయకుడికి గొంతు పోయిందేమోనని కూడా అనుకున్నాం. చివరికి బోర్డు వెనక ఇన్సర్ట్ జాక్ (చానల్ మధ్యలో బయటి పరికరాన్ని కలిపే రంధ్రం) లోకి ఖాళీ ప్లగ్గును పదిసార్లు గుచ్చి తీస్తే సౌండ్ తిరిగొచ్చింది. ఎవరూ వాడని ఆ జాక్‌లోని రేకుకు చిలుం పట్టింది, సిగ్నల్ మాత్రం దాని గుండానే పోతోంది. ఆ పూట "అనలాగ్ సౌండ్" అని మేం వింటున్నది ఆ చిలుమునే.

దానికి తోడు ఎర్తింగ్ సరిగా లేని అద్దె ఇంట్లో 50 హెర్ట్జ్ హమ్, కరెంటు గుంయ్‌మనే మోత. ఇవేవీ సిస్టమ్‌కు అసలే పట్టవని కాదు, సౌండ్ కార్డుకూ హమ్ పడుతుంది. కాకపోతే బోర్డులో అతుకులు వందల్లో ఉంటాయి.

పనితీరు లెక్కా చిన్నది కాదు. వారం తర్వాత గాజువాక నుంచి ఫోన్ వస్తుంది: "అన్నా, కోరస్ ఒక్క పిసరు పెంచవా?" సిస్టమ్‌లో ఫైలు తెరిచి రెండు నిమిషాల్లో పంపేయొచ్చు. బోర్డు మీద చేసిన మిక్స్ అయితే ప్రతి నాబ్‌నూ ఫొటోలు చూసి పాత చోటికి తిప్పాలి, అయినా నూటికి నూరు పాళ్లు అదే రాదు. సినిమా పనుల్లో సిస్టమ్ గెలవడానికి సౌండ్ కన్నా ఇదే పెద్ద కారణమని నేననుకుంటాను.

బోర్డు వైపు వాళ్లకూ ఇక్కడ ఒక జవాబుంది. బోర్డు మీద తెర లేదు, గ్రాఫ్ లేదు. రెండు చేతులా ఐదారు ఫేడర్లు ఒకేసారి పట్టుకుని, దరువుతో పాటు కదిలిస్తూ చెవితోనే తేల్చుకోవాలి. చానల్‌కు మూడు నాలుగు ఈక్యూ (కింది, పై స్వరాల మోతాదు మార్చే) నాబ్‌లే ఉంటాయి, కాబట్టి త్వరగా నిర్ణయం తీసుకుంటారు. సిస్టమ్‌లో ఒక్క గొంతు మీద పది ప్లగిన్లు వేసి, కంటికి నచ్చిన గీత వచ్చేదాకా చెక్కుతూ కూర్చోవచ్చు. "బోర్డు మిక్స్‌లో ప్రాణం ఉంది" అన్నప్పుడు అందులో కొంత ఆ చేతులదే. అది తీగల్లో పుట్టింది కాదు, కొలిచే మీటరూ లేదు.

లెవెల్ సమానం చేసి, పేరు దాచి వింటే

మేడ మీది గదికి తిరిగొద్దాం. మొదట నలుగురం బోర్డుకే ఓటేయడానికి ఆ 1 డెసిబెల్ చాలు. కొంచెం పెద్దగా ఉన్నది మనకు "పెద్దగా" అనిపించదు, "బాగా" అనిపిస్తుంది. లెవెల్ పెరిగితే కింది స్వరాలు చెవికి ఇంకా ఎక్కువగా అందుతాయి కూడా. నల్ టెస్ట్‌ను సైతం ఇది మోసం చేస్తుంది: రెండు మిక్స్‌లూ అచ్చం ఒకటే అయినా 1 డెసిబెల్ తేడా ఉంటే, కొట్టేశాక మిగిలేది అసలు కన్నా 19 డెసిబెల్ మాత్రమే కింద ఉంటుంది. స్పీకర్లో చక్కగా వినిపిస్తుంది. అది బోర్డు మహిమ అనుకుంటే పొరపాటే. పైగా బోర్డులో కెపాసిటర్ల వల్ల ఫేజ్ (అల వచ్చే సమయం) కొద్దిగా జరుగుతుంది కాబట్టి లెవెల్ సరిచేసినా కొంత మిగులుతుంది. ఆ మిగిలినదంతా చెవికి తెలిసే తేడా అనీ అనలేం.

అందుకే కుర్రాడు లెవెల్ సమానం చేసి, ఏది ఏదో చెప్పకుండా పదిసార్లు పెట్టాడు. మాస్టారు ఆరుసార్లు సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసినా పదింట ఆరు, అంతకు మించి రావడం సుమారు 38 శాతం సార్లు జరుగుతుంది. అది చెబితే ఆయన నవ్వి, "బోర్డును నిద్రపుచ్చి పరీక్ష పెడితే ఎలాగరా" అంటూ లేచారు. సిస్టమ్ నుంచి వచ్చే లెవెల్‌ను బోర్డు మీద ఎర్ర లైట్లు మిణుకు మిణుకుమనేదాకా పెంచి, మాస్టర్ దించి, మళ్లీ రికార్డు చేయించారు. లెవెల్ మళ్లీ సమానం. ఈసారి పదికి తొమ్మిది. గుడ్డిగా చెబితే తొమ్మిదో పదో రావడం నూటికి ఒకసారి మాత్రమే.

గొంతు నిజంగానే ముందుకొచ్చింది, బేస్ ఫోన్లో కూడా వినిపించింది. "చూశావా?" అన్నారు.

"చూశాను మాస్టారూ. మరి గజ్జెలు విన్నారా? రేకు డబ్బాలో చిల్లరలా ఉన్నాయి."

ఆయన ఇంకోసారి పెట్టించుకుని విన్నారు. కాసేపటికి తనే లేచి గజ్జెల రెండు కేబుళ్లూ బోర్డు నుంచి పీకేశారు. గొంతూ బేసూ బోర్డు మీంచి, గజ్జెలు నేరుగా సిస్టమ్‌లోంచి. పాట అలాగే బయటికెళ్లింది.